ప్యుజో, రెనాల్ట్ మళ్లీ అమెరికా వస్తాయా? ఫియట్, ఆల్ఫా అనుభవం ఏం చెబుతోంది?

రఘు_నోవై

అందరికీ నమస్కారం. టోపోలినో అనే బుల్లి ఎలక్ట్రిక్ బండిని అమెరికాకు తెస్తామని ఫియట్ వాళ్లు 2025 డిసెంబర్‌లో ప్రకటించినప్పటి నుంచి మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఇదే చర్చ. నేను మిషిగన్‌లో కార్ల సీట్లు చేసే ఒక సప్లయర్ దగ్గర పనిచేస్తాను కాబట్టి ఈ సబ్జెక్ట్ మీద నాకు మొదటి నుంచీ పిచ్చి.

నా ప్రశ్న ఇదీ. యూరప్ కంపెనీలు చాలా వరకు ఒకసారి అమెరికా వదిలి వెళ్లినవే. ల్యాండ్ రోవర్ 1974లో వెళ్లి 1987లో రేంజ్ రోవర్‌తో తిరిగొచ్చింది. మినీ 1967 తర్వాత ఆగిపోయి 2002లో వచ్చింది. ఫియట్ 1983లో వెళ్లి 2011లో వచ్చింది. ఆల్ఫా రోమియో 1995లో వెళ్లింది, 2008లో 8సీ అనే కారును కొద్ది సంఖ్యలో పంపి, 2014లో 4సీతో మళ్లీ డీలర్ల దగ్గరికి వచ్చింది. వీటిలో ల్యాండ్ రోవర్, మినీ నిలదొక్కుకున్నాయి. ఫియట్, ఆల్ఫా ఇంకా తంటాలు పడుతూనే ఉన్నాయి. ప్యుజో అయితే 1991లో వెళ్లి, మళ్లీ వస్తామని 2019లో చెప్పి, అసలు రానేలేదు.

ఈ తేడా ఎక్కడ వస్తోంది? కారులోనా, ధరలోనా, ఇంకెక్కడైనా ఉందా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

పాతకార్ల_ప్రసాద్

రఘూ, మంచి టాపిక్ ఎత్తావు. నేను 1984లో న్యూజెర్సీ వచ్చాను. అప్పటికి ఫియట్ వెళ్లిపోయింది కానీ రోడ్ల మీద వాళ్ల స్పైడర్లు (పైకప్పు తెరుచుకునే చిన్న స్పోర్ట్స్ కార్లు) కనిపించేవి. ఫియట్ అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాలకు 'ఫిక్స్ ఇట్ అగైన్, టోనీ' అని ఇక్కడి జనం అర్థం చెప్పుకునేవాళ్లు. ఆ మాట అప్పటికే పాతపడింది, అయినా ఫియట్ తిరిగొచ్చిన 2011లో కూడా ప్రతి పత్రికా అదే రాసింది. పోయిన పేరు ఒక తరం తర్వాత కూడా వెంటాడుతుంది.

నేను మొదట కొన్నది కూడా ఒక యూరప్ కారే, సెకండ్ హ్యాండ్‌లో. కంపెనీ పేరు అనవసరం. నడపడానికి ఎంత హాయిగా ఉండేదంటే, ఇప్పటికీ ఆ స్టీరింగ్ గుర్తుంది. కానీ చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుకి డోర్ల అడుగున రేకు తినేసింది. పార్ట్ కావాలంటే వారాలు ఆగాలి, అదే వీధిలో నా స్నేహితుడి జపాన్ కారుకి ఆ రోజే దొరికేది. అందుకని నా ఓటు కారుకి కాదు, కారు వెనకాల ఉన్న ఏర్పాటుకి.

రెనాల్ట్ సంగతి చాలామందికి తెలియదు. వాళ్లు ఏఎంసీ అనే అమెరికన్ కంపెనీలో వాటా కొని, విస్కాన్సిన్ రాష్ట్రం కెనోషాలో అలయన్స్ అనే కారు తయారుచేశారు. అది వాళ్ల రెనాల్ట్ 9. 1983కి మోటార్ ట్రెండ్ పత్రిక దానికే 'కార్ ఆఫ్ ది ఇయర్' ఇచ్చింది. మొదట్లో బాగానే అమ్ముడుపోయింది. తర్వాత పెట్రోల్ ధర తగ్గింది, చిన్న కార్ల గిరాకీ పోయింది, రిపేర్ల కథలు మొదలయ్యాయి. ఫ్రాన్స్‌లో చూస్తే రెనాల్ట్ అప్పుల్లో ఉంది. అమెరికాలో ఉండాల్సిందేనని పట్టుబట్టిన రెనాల్ట్ అధినేత జార్జ్ బెస్‌ని 1986 నవంబర్‌లో పారిస్‌లో 'యాక్షన్ డిరెక్ట్' అనే తీవ్రవాద ముఠా కాల్చి చంపింది. తర్వాతి ఏడాదే ఏఎంసీని క్రైస్లర్‌కి అమ్మేశారు. క్రైస్లర్ కొన్నది ప్రధానంగా జీప్ కోసం.

శ్రావణి_ఆస్టిన్

ప్రసాద్ గారూ, ఆ హత్య సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. ఒక కంపెనీ దేశం వదిలి వెళ్లడం వెనక ఇంత ఉంటుందని ఊహించలేదు.

నా అనుమానం ఒకటి. రెనాల్ట్ వెళ్లిపోయింది సరే, దాని వల్ల అమెరికాకి మిగిలింది ఏమైనా ఉందా?

పాతకార్ల_ప్రసాద్

చాలా ఉందమ్మా. 1984 జీప్ చెరొకీ రెనాల్ట్ భాగస్వామ్యం ఉన్న రోజుల్లో వచ్చిందే. ఫ్రేమూ బాడీ కలిపి ఒకటే నిర్మాణంగా చేశారు. ఇప్పటి ఎస్‌యూవీల్లో చాలావరకు నడిచే దారి అది. రెనాల్ట్ నుంచి ఏఎంసీకి వచ్చిన ఫ్రెంచ్ ఇంజినీర్ ఫ్రాన్స్వా కస్టాన్ ఆ తర్వాత క్రైస్లర్‌లోనే ఉండిపోయి అక్కడ ఇంజినీరింగ్‌కి పెద్ద అయ్యాడు. డాడ్జ్ వైపర్ వెనక ఆయన చెయ్యి ఉంది. బ్రాండ్ వెళ్లిపోయినా మనిషీ, పని పద్ధతీ ఇక్కడే ఉండిపోయాయి.

గేర్‌బాక్స్_గిరి

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. నాది క్రాష్ సిమ్యులేషన్ పని, విదేశీ కస్టమర్ల కార్లకి కంప్యూటర్‌లో గుద్దించి చూస్తాం. 'యూరప్‌లో ఉన్న కారే కదా, ఓడెక్కించి పంపితే చాలదా' అని చాలామంది అడుగుతారు. చాలదు. ఎందుకో చెబుతాను.

యూరప్ రూల్స్ మనిషి సీట్ బెల్ట్ పెట్టుకుంటాడనే నమ్మకంతో రాసినవి. అమెరికా ఫెడరల్ స్టాండర్డ్ 208లో బెల్ట్ లేని డమ్మీతో కూడా టెస్ట్ ఉంది. బెల్ట్ లేని మనిషి ముందుకు దూసుకొస్తే ఆపాలి కాబట్టి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే తీరు మారుతుంది, మోకాళ్ల ముందు డ్యాష్‌బోర్డ్ లోపలి ఉక్కు మారుతుంది, సీటు మారుతుంది. దీపాలు వేరు, పక్కన ఉండే మార్కర్ లైట్లు వేరు. పొగ పరీక్ష వేరు. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిపితే కారు సగం మళ్లీ గీయాలి. ఏడాదికి 2 లక్షలు అమ్మే కారైతే ఆ ఖర్చు కలిసిపోతుంది. 10 వేలు అమ్మేదైతే ప్రతి కారు నెత్తిన పడుతుంది.

ఫియట్ 500 ఇందుకు మంచి ఉదాహరణ. పోలండ్‌లో చేసే కారునే అమెరికాకి పంపలేదు. బాడీకి బలం పెంచి, సీట్లు మార్చి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టి, మెక్సికోలోని టొలూకాలో తయారుచేశారు. ఇంజన్ మిషిగన్‌లోని డండీలో.

కిరణ్_స్టుట్‌గార్ట్

గిరి చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. రూల్స్ వేరవడమే కాదు, పద్ధతే వేరు. ఇక్కడ జర్మనీలో కారు అమ్మాలంటే ముందు ప్రభుత్వ సంస్థ ఆమోదం కావాలి. ఫ్లెన్స్‌బర్గ్‌లో ఉన్న కేబీఏ లాంటివి ఆ పని చూస్తాయి. అమెరికాలో కంపెనీయే 'మా కారు రూల్స్ ప్రకారం ఉంది' అని తనకు తాను సర్టిఫై చేసుకుంటుంది. తర్వాత ప్రభుత్వం బజార్లో కారు కొని పరీక్షిస్తుంది. తేడా వస్తే రీకాల్, దావాలు. అక్కడ కొత్తగా అడుగుపెట్టే కంపెనీకి లీగల్ టెన్షన్ చాలా ఎక్కువ.

2025 ఆగస్టులో అమెరికా, యూరోపియన్ యూనియన్ కలిసి ఇచ్చిన ప్రకటనలో ఒకరి కార్ల ప్రమాణాలను ఇంకొకరు గుర్తించాలనే ఉద్దేశం రాసుకున్నారు. అది నిజంగా అమలైతే ఈ థ్రెడ్‌లో సగం మాటలు మారిపోతాయి. ఉద్దేశం రాసుకోవడానికీ చట్టం మారడానికీ మధ్య చాలా దూరం ఉంది కాబట్టి నేనైతే ఇప్పుడే ఆశ పెట్టుకోను.

సిట్రోయెన్ విషయంలో కేవలం రూల్సే దెబ్బకొట్టాయి. ఎస్ఎం అనే వాళ్ల కారుకి 1972లో మోటార్ ట్రెండ్ అవార్డు వచ్చింది. రెండేళ్లకే కొత్త బంపర్ నిబంధన వచ్చింది. బంపర్ నేల నుంచి ఫలానా ఎత్తులోనే ఉండాలన్నారు. సిట్రోయెన్ సస్పెన్షన్ గొప్పతనమే ఎత్తు మార్చుకోవడం. ఇక ఆ కారు ఎలా అమ్ముతారు? అంత అందమైన ఇంజినీరింగ్‌ని ఒక నిబంధన దేశం దాటించేసింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

డల్లాస్_మాధవి

ఇప్పటిదాకా ఎవరూ డీలర్ వైపు నుంచి మాట్లాడలేదు. నేను ఇక్కడ ఒక డీలర్ గ్రూపులో అకౌంట్స్ చూస్తాను, చాలా బ్రాండ్లు ఉన్నాయి.

అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టం డీలర్లకు రక్షణ ఇస్తుంది. మా టెక్సాస్‌లో అయితే తయారీ కంపెనీ తన కారును కస్టమర్‌కి నేరుగా అమ్మకూడదు. టెస్లాకి కూడా ఇక్కడ ఆ చిక్కు ఉంది. కాబట్టి ప్యుజో రావాలంటే ముందు డీలర్లు ఒప్పుకోవాలి. డీలర్ ఒప్పుకోవాలంటే అతని లెక్క ఇలా ఉంటుంది: షోరూమ్ కట్టాలి, ఆ బ్రాండ్‌కి ప్రత్యేకమైన టూల్స్ కొనాలి, మెకానిక్‌లని ట్రైనింగ్‌కి పంపాలి, పార్ట్స్ స్టాక్ పెట్టాలి. లాట్‌లో నిలబడ్డ ప్రతి కారు మీద బ్యాంక్‌కి ఫ్లోర్ ప్లాన్ వడ్డీ (స్టాక్ కోసం తీసుకున్న అప్పు మీద వడ్డీ) కట్టాలి. కారు అమ్మితే మిగిలేది తక్కువ, అసలు సంపాదన సర్వీస్‌లో. కొత్త బ్రాండ్‌కి రోడ్ల మీద పాత కార్లు ఉండవు కాబట్టి సర్వీస్ బే ఖాళీగా ఉంటుంది. మొదటి కొన్నేళ్లు భరించగలిగినవాడే తీసుకోవాలి.

ఫియట్ 2011లో ఏం చేసిందో చూడండి. క్రైస్లర్ డీలర్‌షిప్‌లో ఒక మూల పెట్టి అమ్మడం కుదరదంది. 'ఫియట్ స్టూడియో' అని విడిగా కట్టమంది. ఒక్క మోడల్ కోసం విడి బిల్డింగ్! ఆ ఏడాది ఉత్తర అమెరికాలో 50 వేలు అమ్ముతామన్నారు. అమెరికాలో 20 వేలు కూడా చేరలేదు. 2012లో 43 వేలు దాటింది, 2014 దాకా పర్వాలేదు. ఆ ఏడాది రెండో సగంలో చమురు ధర పడిపోయింది, జనం ఎస్‌యూవీలకి మళ్లారు. 2019తో ఇక్కడ పెట్రోల్ 500 ఆగిపోయింది. 2023లో ఫియట్ మొత్తం అమ్మకం వెయ్యి కూడా లేదు. విడి బిల్డింగ్ కట్టిన డీలర్ ఏమైపోవాలి?

మినీ లెక్క వేరు. 2002లో 17 వేల డాలర్ల లోపు మొదలుపెట్టి బీఎండబ్ల్యూ డీలర్లకే ఇచ్చారు. వాళ్లకి మెకానిక్‌లు ఉన్నారు, పార్ట్స్ వచ్చే దారి ఉంది, బ్యాంక్ దగ్గర పరపతి ఉంది. నా దృష్టిలో మినీ గెలిచింది ఇక్కడే.

రఘు_నోవై

మాధవి గారూ, ఈ పోస్ట్ కోసమే థ్రెడ్ మొదలుపెట్టానేమో అనిపిస్తోంది. కానీ ఒక్క మాట అడుగుతాను. ఆల్ఫాకి జీప్, డాడ్జ్ ఉన్న పెద్ద గ్రూపు అండ ఉంది కదా. జూలియా క్వాడ్రిఫోలియో 505 హార్స్‌పవర్ కారు, పత్రికలన్నీ పొగిడాయి. అయినా అమెరికాలో ఆల్ఫా మొత్తం అమ్మకం 2018లో 23 వేల పైచిలుకు ఉన్నది 2024కి 9 వేల లోపుకి పడిపోయింది. ఇక్కడ డీలర్ కారణం ఎలా అవుతుంది?

డల్లాస్_మాధవి

అవుతుంది రఘు గారూ. జర్మన్ కారు కొనేవాడు మూడేళ్లు లీజ్‌కి తీసుకుని, తిరిగిచ్చి, ఇంకొకటి తీసుకుంటాడు. మూడేళ్ల తర్వాత ఆ కారు ఎంతకి పోతుందన్న దాని మీదే నెలవారీ లీజ్ ఆధారపడుతుంది. తిరిగి అమ్మితే వచ్చే విలువ మీద నమ్మకం లేని బ్రాండ్‌కి లీజ్ పెరుగుతుంది. పైగా సెడాన్ల మార్కెట్ తగ్గుతున్న సమయంలో జూలియా వచ్చింది. స్టెల్వియో ఎస్‌యూవీ వచ్చినా, రెండు మోడళ్లతో ఏళ్ల తరబడి షోరూమ్ నడవదు. మూడోది టొనాలే వచ్చేసరికి చాలామంది డీలర్లు ఉత్సాహం కోల్పోయారు. కస్టమర్ లోపలికి వచ్చిన రోజు అతనికి చూపించడానికి కొత్తది ఉండాలి.

కిరణ్_స్టుట్‌గార్ట్

నేను మాధవి గారితో పూర్తిగా ఏకీభవించను. డీలర్, లీజ్ అన్నీ నిజమే. కానీ యూరప్ కార్ల కంపెనీలు అమెరికాలో నిలిచిన చోట ఇంకోటి ఉంది. అక్కడే ఫ్యాక్టరీ పెట్టారు. బీఎండబ్ల్యూ 1994 నుంచి సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో, మెర్సిడెస్ 1997 నుంచి అలబామాలోని టస్కలూసాలో కార్లు చేస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో దిగుమతి కార్ల మీద అదనంగా 25 శాతం సుంకం వేశారు, తర్వాత ఒప్పందంతో యూరప్ కార్లకి మొత్తం 15 శాతానికి తెచ్చారు. అంతకుముందు ఉన్నది రెండున్నర శాతం. ఇటలీలోని కసీనోలో చేసే ఆల్ఫా ఈ భారం ఎలా మోస్తుంది? కొత్తగా రావాలనుకునే ప్యుజో ఫ్రాన్స్ నుంచి పంపి 15 శాతం కట్టి ఎవరితో పోటీ పడుతుంది?

గేర్‌బాక్స్_గిరి

కిరణ్ అన్నా, ఫ్యాక్టరీ ఉంటే చాలు అనలేం. ఫోక్స్‌వ్యాగన్ 1978లోనే పెన్సిల్వేనియాలో వెస్ట్‌మోర్‌ల్యాండ్ ఫ్యాక్టరీ పెట్టింది, 1988లో మూసేసింది. ప్రసాద్ గారు చెప్పిన కెనోషా కూడా అంతే కదా.

కిరణ్_స్టుట్‌గార్ట్

నిజమే గిరీ. రెండూ చిన్న కార్లు చేసిన ఫ్యాక్టరీలు. బీఎండబ్ల్యూ స్పార్టన్‌బర్గ్‌ని పెద్ద ఎస్‌యూవీలకి మార్చుకుంది. అమెరికా కొనేది అమెరికాలో చేసి, మిగతా ప్రపంచానికి అక్కడి నుంచే పంపింది. అమెరికా ఫ్యాక్టరీలో యూరప్‌కి ఇష్టమైన కారు చేస్తే ఏమవుతుందో వెస్ట్‌మోర్‌ల్యాండ్ చూపించింది.

పాతకార్ల_ప్రసాద్

మీ వాదన మధ్యలో ఒక సంగతి చెప్పనివ్వండి. ఫియట్ తిరిగి రావడంలో ఓడిపోయిందని అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోను. మీ ఇంటి ముందు అమెజాన్ పార్సిల్ తెచ్చే వ్యాన్లలో రామ్ ప్రోమాస్టర్ ఉంటుంది చూడండి. అది ఫియట్ డుకాటో! 2013 నుంచి మెక్సికోలోని సాల్టియోలో చేస్తున్నారు. ముందు చక్రాలకే శక్తి అందుతుంది కాబట్టి కింద షాఫ్ట్ ఉండదు, నేల కిందికి ఉంటుంది. డెలివరీ మనిషి రోజంతా ఎక్కి దిగడానికి అదే కావాలి.

ఇంకా చెప్పాలంటే డుకాటో, ప్యుజో బాక్సర్, సిట్రోయెన్ జంపర్ మూడూ అన్నదమ్ములే. ఇటలీలోని అటెస్సాలో ఫియట్, ప్యుజో కంపెనీలు కలిసి పెట్టుకున్న ఫ్యాక్టరీలో పుట్టిన కుటుంబం. అంటే ప్యుజో అమెరికా రాలేదని మనం అనుకుంటున్నా, దాని తోబుట్టువు ప్రతి వీధిలో తిరుగుతోంది. వేరే పేరుతో, ముందే ఉన్న డీలర్ల దగ్గర, ఇక్కడి పనికి సరిపోయే బండితో వచ్చారు. అదే గెలిచింది.

మెర్సిడెస్ స్ప్రింటర్ కూడా 2000ల మొదట్లో ఫ్రైట్‌లైనర్, డాడ్జ్ పేర్లతోనే ఇక్కడ అలవాటైంది. విడదీసి పంపి సౌత్ కరోలినాలో బిగించేవాళ్లు. ఎందుకంటే తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం 1964 నుంచీ ఉంది. అప్పట్లో యూరప్ వాళ్లు అమెరికా కోళ్ల మీద సుంకం పెంచితే, బదులుగా అమెరికా వేసిన సుంకాల్లో అదొకటి. కోళ్ల గొడవ ఎప్పుడో ముగిసింది, వ్యాన్ల మీద సుంకం మాత్రం అలాగే ఉండిపోయింది.

రఘు_నోవై

ప్రసాద్ గారూ, ఈ కోణం అద్భుతం. నేను మరో ఉదాహరణ ఇస్తాను. ఫోర్డ్ టర్కీలో చేసే ట్రాన్సిట్ కనెక్ట్‌ని వెనక సీట్లు, కిటికీలతో ప్యాసింజర్ బండిగా దించి, ఇక్కడికొచ్చాక సీట్లు తీసేసి సరుకు వ్యాన్‌గా అమ్మింది. ఆ సుంకం తప్పించుకోవడానికే. చివరికి 2024లో ప్రభుత్వానికి 36.5 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది.

ఇక ప్యుజో కథ నాకు తెలిసినంత వరకు: కార్లోస్ తవారెస్ నాయకత్వంలో పీఎస్ఏ (ప్యుజో, సిట్రోయెన్‌ల మాతృ సంస్థ) చాలా జాగ్రత్తగా మొదలుపెట్టింది. ముందు కార్లు అద్దెకిచ్చే యాప్‌తో అమెరికా జనాన్ని అర్థం చేసుకుంటాం, తర్వాత బ్రాండ్ తెస్తాం అన్నారు. అట్లాంటాలో ఆఫీసు పెట్టారు. ఈలోగా 2021 జనవరిలో ఫియట్ క్రైస్లర్‌తో కలిసి స్టెలాంటిస్ అయింది. ఒకే గ్రూపులో జీప్, రామ్, డాడ్జ్, క్రైస్లర్, ఫియట్, ఆల్ఫా, మాసెరాటీ అన్నీ అమెరికాలో ఉండగా ఇంకో బ్రాండ్ ఎందుకని ప్యుజోని పక్కన పెట్టారు. వ్యాపారం లెక్కలో అది సరైన నిర్ణయమే. అయినా 1980ల నాటి ప్యుజో 505 వ్యాగన్లు చూసినవాణ్ని కాబట్టి మనసు ఒప్పుకోదు.

శ్రావణి_ఆస్టిన్

మరి టోపోలినో సంగతేంటి? మా అపార్ట్‌మెంట్ నుంచి ఆఫీసు దగ్గరే. ఇలాంటిది ఒకటి ఉంటే బాగుండు అనిపిస్తోంది.

కిరణ్_స్టుట్‌గార్ట్

శ్రావణీ, అది ఇక్కడి చట్టం దృష్టిలో కారు కాదు, క్వాడ్రిసైకిల్, అంటే నాలుగు చక్రాల తేలికపాటి బండి. గరిష్ఠ వేగం గంటకు 45 కిలోమీటర్లు, ఒక్క చార్జ్‌కి సుమారు 75 కిలోమీటర్లు. మొరాకోలో సిట్రోయెన్ అమీతో పాటు తయారవుతుంది. ఇటలీలో 14 ఏళ్ల పిల్లలు లైసెన్స్ తీసుకుని నడుపుతారు. అమెరికాలో తక్కువ వేగం వాహనాల కోవలో గంటకు 25 మైళ్ల హద్దు ఉంది. ఆస్టిన్‌లో ఆఫీసుకి వెళ్లే దారిలో 45 మైళ్ల రోడ్డు ఒక్కటి ఉన్నా దానితో ఇబ్బందే. గేటెడ్ కమ్యూనిటీల్లో, సముద్ర తీరం ఊళ్లలో బాగుంటుంది.

ఫియట్‌కి చిన్న ఎలక్ట్రిక్ కార్లు అమెరికాలో ఎప్పుడూ లాభం తేలేదు. 500 కారుకి ఎలక్ట్రిక్ రూపమైన మొదటి 500ఈ మీద ఒక్కో కారుకి 14 వేల డాలర్లు నష్టపోతున్నామని, దయచేసి కొనొద్దని అప్పటి అధినేత సెర్జియో మార్కియోనే 2014లో వాషింగ్టన్ సభలో బహిరంగంగానే చెప్పాడు. పొగ రాని కార్లు కొన్ని అమ్మాలన్న కాలిఫోర్నియా నిబంధన కోసం అమ్మక తప్పలేదు.

గేర్‌బాక్స్_గిరి

మార్కియోనే గురించి ఇంకొకటి. 2009లో క్రైస్లర్ దివాలా తీసినప్పుడు ఫియట్ డబ్బు పెట్టకుండానే 20 శాతం వాటా తీసుకుంది, బదులుగా టెక్నాలజీ ఇస్తామంది. మిగతా వాటా మెట్లు మెట్లుగా పెరిగింది. ఫియట్ ఇంజన్ అమెరికాలో తయారుచేస్తే 5 శాతం, గాలన్‌కి 40 మైళ్లు ఇచ్చే కారు అక్కడ చేస్తే ఇంకో 5 శాతం అని ఒప్పందం. డండీలో ఆ చిన్న ఇంజన్ తయారవడానికి కారణం అదే. అందుకని 500ని అమ్మకాలతోనే కొలవడం నాకు నచ్చదు. 2014 జనవరికి క్రైస్లర్ మొత్తం ఫియట్‌ది అయింది. మా ఊరికి దాని ఫలితం కూడా చేరింది. 2020 డిసెంబర్‌లో ఫియట్ క్రైస్లర్ వాళ్లు 15 కోట్ల డాలర్లతో హైదరాబాద్‌లో డిజిటల్ హబ్ ప్రకటించారు. ఇక్కడ మన పిల్లలు ఎంతోమంది ఆ కార్ల సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు.

డల్లాస్_మాధవి

గిరి గారూ, ఆ లెక్కలో కంపెనీ గెలిచింది. కానీ స్టూడియో కట్టిన డీలర్, మూడేళ్లకే సర్వీస్ దొరకని కస్టమర్ ఆ గెలుపులో భాగం కాలేదు. రేపు ఇంకో బ్రాండ్ వస్తే వాళ్లు గుర్తుపెట్టుకునేది దీన్నే. ప్యుజో గానీ రెనాల్ట్ గానీ వస్తే నేను మా యజమానికి ఇచ్చే సలహా ఒక్కటే: పదేళ్ల పార్ట్స్ సరఫరా ఒప్పందంలో రాయించుకోండి, కనీసం మూడు మోడళ్లు రాతపూర్వకంగా అడగండి, అందులో రెండు ఎస్‌యూవీలు ఉండాలి. అవి లేకపోతే సంతకం వద్దు.

శ్రావణి_ఆస్టిన్

ఇంత చదివాక కొత్త ప్యుజో మీద ఆశ వదులుకున్నాను. మా ఆయనకి రెనాల్ట్ క్లియో వీ6 అంటే ప్రాణం. 25 ఏళ్లు దాటిన కార్లు తెప్పించుకోవచ్చంటారు కదా, అది నిజమేనా?

పాతకార్ల_ప్రసాద్

నిజమేనమ్మా. 1980ల్లో యూరప్ నుంచి విడిగా కార్లు తెప్పించుకోవడం ఎక్కువైపోతే 1988లో చట్టం చేసి దాదాపు ఆపేశారు. 25 ఏళ్లు నిండిన కారుకి మాత్రం ఫెడరల్ భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది, పొగ నిబంధనల్లో 21 ఏళ్లు. క్లియో వీ6 మొదటివి 2001లో వచ్చాయి కాబట్టి 2026 నుంచి ఒక్కొక్కటిగా అర్హత వస్తుంది. మోడల్ ఇయర్ కాదు, తయారైన నెల చూడాలి. 2001 అక్టోబర్‌లో చేసిన కారు 2026 అక్టోబర్ దాకా ఆగాలి. కొనేముందు ఆ నెలకి రాతపూర్వక రుజువు తీసుకోండి.

రేవులో భద్రతా ప్రమాణాలకి సంబంధించి హెచ్ఎస్-7 ఫారం, పొగకి సంబంధించి ఈపీఏ (పర్యావరణ సంస్థ) 3520-1 ఫారం నింపాలి. కాలిఫోర్నియాలో రిజిస్ట్రేషన్ చాలా కష్టం, మీది టెక్సాస్ కాబట్టి ఆ బాధ లేదు. అయినా కొనేముందు మీ కౌంటీ ఆఫీసులో ఒకసారి అడగండి. ఇంజన్ వెనక సీట్ల స్థానంలో ఉంటుంది, పిల్లల్ని కూర్చోబెట్టే కారు కాదు. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించనిదే అడ్వాన్స్ ఇవ్వొద్దు. మీ ఆయన్ని ఈ థ్రెడ్‌లోకి రమ్మనండి, మిగతాది వివరంగా మాట్లాడతాను.